బుట్ట ఉన్న సైకిలు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. మా అమ్మ కుడిచెయ్యి గుడి మెట్ల మీద జారిపడి విరగలేదు. విరగ్గొట్టింది నేను. అదీ ఆమె నలభై ఐదో పుట్టినరోజున, కేకు కూడా కోయకముందే. ఇంట్లో మేం ముగ్గురం: అమ్మ, నేను, అమ్మను కన్న తాత. తాత పంచాంగం తప్ప మరేదీ చదవడు కాబట్టి ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

నేను నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని. బస్సు ఆపమని కండక్టరును అడగలేక రెండు స్టాపులు దాటాక దిగి, వెనక్కి నడిచొచ్చిన రోజులు ఎన్నో. ఇలాంటి పిరికిదానికి గొప్ప ఆలోచనలు రాకూడదు. వచ్చినా డైరీ దాటకూడదు.

అమ్మ శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేస్తుంది. వెదురు కలంతో గుడ్డ మీద నెమలి మెడ గీసిందంటే ఒకటే గీత, మధ్యలో చెయ్యి ఎత్తదు. ఆ గీతే మా అన్నం. ఎడమ మోచేయి మాత్రం పూర్తిగా చాపలేదు. పుట్టుకతోనే అంతని చెప్పేది. గీస్తూ గీస్తూ ఎప్పుడూ ఒకటే కథ.

"పదహారేండ్లప్పుడు సైకిలెక్కినానంటేనా, ఏటిగట్టు మింద గాలి గూడా నా ఎనకాలే వచ్చేది పాపా! జడలు రెండూ రెక్కల మాదిరి ఎగరతా ఉండేవి."

ఈ కథ ఆరేళ్లలో పదకొండుసార్లు నా డైరీకెక్కింది. ఎక్కినప్పుడల్లా జడలు ఒక జానెడు పెరిగాయి. నాకు అనుమానం రాలేదు. పుస్తకాలు ఎక్కువ చదివేవాళ్లకు ఉండే జబ్బు ఇది, బాగా చెప్పిందల్లా జరిగిందే అనుకుంటాం.

పుట్టినరోజు దగ్గరపడేకొద్దీ అమ్మ అద్దం ముందు నిలబడి తెల్లవెంట్రుకలు వెతుక్కుంటూ, "ఆ దినాలు మళ్లీ యాడొస్తాయిలే" అని నిట్టూర్చడం ఎక్కువైంది. నేను తెప్పిస్తాను కదా అనుకున్నాను! పక్కింటి టీచరమ్మ సైకిలు, ముందు బుట్ట ఉన్నది, అడిగి తెచ్చాను. (అడగడానికే మూడు రోజులు పట్టింది.) పొద్దున్నే గుడికని తాతకు చెప్పి, అమ్మను స్వర్ణముఖి గట్టు మీదికి తీసుకెళ్లాను.

"ఇదెందుకే?" అంది అమ్మ, సైకిలుకు నాలుగడుగుల దూరంలో ఆగిపోయి.

"ఎక్కమ్మా."

"చీరతో యాడెక్కేది?"

"అప్పుడు లంగా ఓణీతో ఎక్కలేదా?"

"అది... అప్పుడు. వద్దులే పాపా, నడుము నొప్పిగా ఉండాది."

"నాకోసం, అమ్మా."

జీవితంలో నేను గట్టిగా అన్న మొదటి మాట అదే. అమ్మ ఎక్కింది. వెనక క్యారియరు పట్టుకున్నదాన్ని, ఇక గాలి చూసుకుంటుందిలే అని వదిలేశాను. సైకిలు తాగినవాడు ఇల్లు వెతుక్కున్నట్టు అటూ ఇటూ ఊగి, గట్టు దిగి రాళ్లలో పడింది. పైన సైకిలు, కింద అమ్మ, అమ్మ కింద కుడిచెయ్యి. బుట్టలో నేను పెట్టిన మల్లెపూలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఎముక విరిగితే మావాళ్లకు పుత్తూరే. అక్కడ కట్టు కట్టే పెద్దాయన కుడి మణికట్టు తడిమి చూశాడు. తర్వాత ఎందుకో ఎడమ మోచేయి పట్టుకున్నాడు.

"ఇది ఎప్పుడు ఇరిగిందమ్మా?"

"పదహారేండ్లప్పుడు, సామీ."

"పడితివా?"

అమ్మ నా వైపు చూసింది. తర్వాత నేల వైపు.

"లేదు సామీ. మా మేనత్త కొడుకు సైకిలు మా వాకిట్లో నిలిపుండె. ఎక్కను గూడా లేదు. బెల్లు కొడితిని, అంతే. మా నాయన సూసినాడు. చెయ్యి మెలిపెట్టి ఇరిసేసినాడు."

పెద్దాయన ఆకుపసరు, గుడ్డుసొన పూసి వెదురుబద్దలు పేర్చాడు. వెదురుతో బతికే చేతికి వెదురుతోనే కట్టు.

"వేళ్లు ఆడతాయా?" నేనే అడిగాను. గట్టిగా అడిగిన రెండో మాట.

"ఆడతాయి. గీత ఎట్ల వస్తాదో నేను చెప్పలేను."

వేళ్లు ఆడుతున్నాయి. నెమళ్ల మెడలే సన్నగా వణుకుతున్నాయి. కొనేవాళ్లు "కొత్త డిజైనా?" అంటున్నారు. డైరీలో పదకొండు చోట్లా ఆ కథను కొట్టేద్దామని కూర్చుని, కలం పక్కన పెట్టేశాను. కొట్టేస్తే అమ్మకు పదహారేళ్లంటూ ఉండవు.

కాబట్టి ఈ డైరీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎవరు ఎంత అందంగా పాత రోజులు చెప్పినా వింటాను, రాసుకుంటాను, నోరు మూసుకుంటాను. బుట్ట ఉన్నదైనా, లేనిదైనా, ఏ సైకిలూ అరువు తేను.

ఆ రోజు పుత్తూరు నుంచి వచ్చి, బస్సు దిగి మా వీధి మలుపు తిరిగేసరికి, అరుగు మీద పంచాంగం పట్టుకుని తాత కనిపించాడు. నలభై ఐదేళ్ల మా అమ్మ నా వెనక్కి జరిగి, ఆ చాపలేని చేత్తో నా చున్నీ పట్టుకుంది.

"గుడి మెట్ల మింద పడితినని చెప్పు పాపా. సైకిలని తెలిస్తే మా నాయన కొడతాడు."