నాలుగో అంకె వంతు

మోత్కూరుకు పడమర, గుట్టల వెనక ఎర్రకుంటపల్లె. ఆ ఊళ్లో బక్కయ్యను అందరూ నీరటి బక్కయ్య అనే పిలుస్తారు. చెరువులో నీళ్లు చూసి ఏళ్లయింది. పేరు మాత్రం ఎండిపోలేదు.

నీరటికాడంటే చెరువు తూము దగ్గర నిలబడి ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసే మనిషి. బక్కయ్య తండ్రి అదే పని చేశాడు, తాతా అదే చేశాడు. బక్కయ్యకు చదువు అంకెల దగ్గరే ఆగిపోయింది. అందుకని తూము పక్కన బండమీద మడికొక గులకరాయి చొప్పున వరుసగా పేర్చుకునేవాడు. నీళ్లు పారిన మడి రాయిని తీసి వరుస చివర పెట్టేవాడు. ముందున్న రాయి ఎవరిదైతే వాళ్లదే రేపటి వంతు. ఎవడు తన్నుకున్నా, ఎవడు కల్లు పోయిస్తానన్నా ఆ రాళ్ల వరుస మారేది కాదు.

వాళ్ల నాయిన కాలంలో ఒకసారి మారింది. పటేలు మడికి రెండోసారి నీళ్లు వదలనని ఆయన తూము మూస్తే, పటేలు మనుషులు ఆయన్ను బండి చక్రానికి కట్టేశారు. ఆ పూట పటేలు మడి రెండుసార్లు తాగింది. చిన్నప్పుడు అది కళ్లారా చూసిన బక్కయ్య, తన చేతి కింద మాత్రం ఏ మడీ వంతు తప్పి ఎండలేదని, ఏ మడీ వంతు దాటి తాగలేదని చెప్పుకునేవాడు. ఆయనకున్న ఆస్తి ఆ మాటొక్కటే.

తర్వాత చెరువు పోయింది. పోయింది అంటే దానంతటదే పోలేదు. వాగునీళ్లు తెచ్చే కట్టుకాలువను ఎవరో తోటలోకి కలుపుకున్నారు. కరువు ఏళ్లొచ్చాయి. ఉన్నవాళ్లు బోర్లు దించారు. లేనివాళ్లకు ఊరి నడుమ చేతిపంపు మిగిలింది. ఒకరోజు జీపులో వచ్చినవాళ్లు ఆ పంపు నీళ్లు సీసాలో పట్టుకుపోయి, మళ్లీ వచ్చి పంపుకు ఎర్రరంగు పూశారు. ఫ్లోరైడు ఉంది, తాగొద్దన్నారు. ఏ నీళ్లు తాగాలో చెప్పకుండా జీపెక్కారు. ఊరు ఎర్ర పంపు నీళ్లే తాగింది.

బక్కయ్య పెద్దబిడ్డ మారెమ్మ పదేళ్లు దాటకముందే కాళ్లు వంగిపోయి, మోకాళ్ల మీద చేతులు ఊనుకుని నడిచేది. భార్య నాగులమ్మ మెడ పక్కకు తిరగడం మానేసింది. ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగాలి. ఇక మిగిలింది చిన్నది జంగమ్మ. మూడేళ్లది, కాళ్లు చక్కగా ఉన్నాయి. నాగులమ్మ పొద్దుగూకితే ఆ పిల్లను గోడకు ఆనించి నిలబెట్టి, మడమలు రెండూ దగ్గరకు చేర్చి, మోకాళ్ల మధ్య వేలు దూరుతుందేమో చూసేది. దూరకపోతే ఆ పూట అన్నం తినేది.

నాగులమ్మ తమ్ముడు కిష్టయ్య మిర్యాలగూడ అవతల కాలువ కింద బతుకుతున్నాడు. అక్కడ కృష్ణ నీళ్లు. గుడిసెకు జాగా ఉందని, శివరాత్రి దాకా అయితే ఆపగలనని కబురు చేశాడు. బక్కయ్య ఉన్న మేకలన్నీ తిరుమలగిరి సంతలో అమ్మేశాడు. అయినా జాగా కిమ్మతుకు కొంత తక్కువ పడింది. తమ్ముని కాళ్లావేళ్లా పడతాను, ఉన్నదాంతో పోదామని నాగులమ్మ పోరుపెట్టింది. జర ఆగమన్నాడు బక్కయ్య. ఆయన దగ్గర ఒక లెక్క ఉంది.

చెరువు పోయాక బక్కయ్య మోత్కూరు మార్కెట్లో హమాలీ పనికి పోయేవాడు. బస్టాండు దగ్గర మెహమూద్ పాన్ డబ్బా. ఆ రోజుల్లో ఒంటి అంకె లాటరీ ఊరూరికీ పాకింది. సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె మీద టికెట్ కొనాలి. సాయంత్రం పట్నం నుంచి ఫోనులో అంకె వస్తే, మెహమూద్ పలక మీద సుద్దముక్కతో రాసి డబ్బాకు వేలాడదీసేవాడు. తన చిట్టీ అంకె పలక మీద కనబడ్డవాడికి పెట్టినదానికి ఎన్నోరెట్లు వచ్చేది. మొదట్లో బక్కయ్య నవ్వుకున్నాడు. రోజూ చూడగా చూడగా అది ఆయనకు తెలిసిన పనిలాగే తోచింది. పది మడులు, రోజుకు ఒకదానికి నీళ్లు.

ఇంటికి పోయి కిటికీ గూట్లో పది గులకరాళ్లు పేర్చాడు. అంకె వచ్చిన రోజు దాని రాయి వరుస చివరకు పోయేది. టికెట్ కొనలేదు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఊరికే చూశాడు. చలి మొదలయ్యేసరికి నాలుగో అంకె రాయి వరుసలో ముందుకొచ్చి అక్కడే కూర్చుంది. మిగతావి తిరుగుతున్నాయి, అది కదలడం లేదు.

బడిలో లెక్కలు చెప్పే ఎల్లస్వామి సారు రోజూ ఆ బస్టాండులోనే తిరుమలగిరి బస్సు కోసం కూర్చునేవాడు. సారు కూడా బక్కయ్య వాడలాంటి వాడలోంచి వచ్చినవాడే. సారు తండ్రి ఒకప్పుడు పాలేరు. బక్కయ్య తన లెక్క ఆయనకు చెప్పుకున్నాడు. సారు రూపాయి బిళ్ల తీసి ఎగరేసి చూపించాడు. ఐదుసార్లు బొమ్మ పడ్డా ఆరోసారి బొరుసు పడాలన్న నియమం లేదన్నాడు. అంకె కూడా అంతే, ప్రతి రోజూ పదింటికీ సమానమే, నిన్న ఏం వచ్చిందో దానికి యాది ఉండదన్నాడు. బక్కయ్య ఒప్పుకోలేదు. ఏడాది మొత్తంలో ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందని అడిగాడు. అన్నీ కొంచెం అటూ ఇటూగా ఒక్కతీరుగానే వస్తాయని సారు చెప్పాల్సి వచ్చింది.

"మరి గదే నేను చెప్పేది సారు," అన్నాడు బక్కయ్య. "ఏడాదికి అన్ని మళ్లకు సమానంగ పారినయంటే తూము కాడ ఎవడో ఒకడు ఉన్నట్టే గద. ఊకెనే సమానమైతదా?"

"ఊకెనే అయితది బక్కయ్యా. ఎవలు జూడకున్నా అయితది. శానా రోజులు పోనిస్తే అయితది. కని రేపు ఏమొస్తదో గా లెక్క చెప్పదు."

బస్సొచ్చింది. సారు ఎక్కిపోయాడు. బక్కయ్య బతుకులో ఎవరూ చూడకుండా దేనికీ సమానంగా నీళ్లు పారింది లేదు. పెద్ద చదువులో ఎక్కడో పొరపాటుందనుకున్నాడు బక్కయ్య.

శివరాత్రి దగ్గరపడింది. నాలుగు ఇంకా రాలేదు. మేకల పైసల్లోంచి కొంత తీసుకుపోయి మెహమూద్ ముందు పెట్టి, నాలుగు అంకెవి ఎన్ని ఉంటే అన్ని ఇమ్మన్నాడు. మెహమూద్ తమలపాకుకు సున్నం రాస్తూ ఆయన మొహం చూశాడు.

"బక్కన్నా, నా దందా నేను ఖరాబు చేసుకుంటున్న. ఇది తమాషాకు ఆడుకునేది. ఇల్లు అమ్ముకొని ఆడేది గాదు."

"ఇయ్యాల దాని వంతు మెహమూదూ."

"దానికి ఎరుకనా?"

ఆ పూట పలక మీద తొమ్మిది రాశాడు. బక్కయ్య దిగులు పడలేదు. తప్పిపోయిన వంతు మరుసటి రోజుకు ఇంకా గట్టిపడుతుంది కదా. తెల్లారి ఇంకొంచెం ఎక్కువ పెట్టాడు. ఏడు వచ్చింది. ఆ మరునాడు సున్నా. రాని కొద్దీ నాలుగు మీద ఆయన నమ్మకం పెరిగింది, నడుముకు కట్టుకున్న మూట సన్నబడింది. చివరిరోజు మూటగుడ్డ కూడా మడిచి జేబులో పెట్టుకున్నాడు. పలక మీద మళ్లీ తొమ్మిది.

నాగులమ్మకు ఆయనే చెప్పాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి, మెడ తిరగదు గనుక మనిషంతా తిరిగి ఆయన్ను చూసింది.

"ఊరోళ్ల వంతు జూసుడు నీకు అలవాటైంది," అంది. "అంకెకు వంతుందని ఇన్ని దినాలు కావలి గాసినవు. నీ బిడ్డ వంతు యాడ బెట్టినవు?"

శివరాత్రి పోయింది. జాగా వేరేవాళ్లు తీసుకున్నారని కిష్టయ్య కబురు పంపాడు. పంపకపోయినా వాళ్లకు తెలుసు.

బక్కయ్య మళ్లీ మూటలు మోయడానికి పోయాడు. పలక వైపు చూడొద్దనుకున్నా చూపు అటే పోయేది. ఒక సాయంత్రం దాని మీద నాలుగు కనబడింది. కోపం రాలేదు. ఇంత ఆలస్యమైనా వంతు వచ్చింది, తన లెక్క తప్పు కాలేదనుకున్నాడు. ఇంటికొచ్చి రాయి తీసి వరుస చివర పెట్టాడు. మరునాటి సాయంత్రం పలక మీద మళ్లీ నాలుగే ఉంది. నిన్నటిది చెరపడం మరిచావా అని మెహమూద్‌ను అడిగాడు. కాదు, ఇవాళ్టిదేనన్నాడు మెహమూద్.

బక్కయ్య అక్కడే నిలబడిపోయాడు. తాగిన మడే మళ్లీ తాగింది. బండి చక్రానికి కట్టేసిన నాయిన, కళ్ల ముందు నిండిన పటేలు మడి గుర్తొచ్చాయి. పైసలు పోయినప్పుడు రాని భయం అప్పుడొచ్చింది.

ఎల్లస్వామి సారు బస్సు కోసం కూర్చున్నాడు. బక్కయ్య పోయి పక్కన కింద కూర్చుంటే, పైకి బల్లమీద కూర్చొమ్మన్నాడు సారు. బక్కయ్య కదల్లేదు.

"గంతేనా సారు? తూము కాడ ఎవలు లేరా?"

"లేరు బక్కయ్యా. పటేలు లేడు, నీరటికాడు లేడు. ఊకె పడుతది."

బక్కయ్య మెల్లగా అన్నాడు:

"నీళ్లు గట్ల గాదు గద సారు. కృష్ణ మన జిల్లల నుంచే పోతాంది. మిర్యాలగూడ దిక్కు దిగింది, మా దిక్కు ఎక్కలేదు. గది చిట్టీల పడ్డదా? గాడ తూము కాడ మనుషులున్నరు. నేను ఉత్త జాగల కావలి గాసిన."

కలెక్టరుకు రాద్దామన్నాడు సారు. రాశారు కూడా. ఊరంతా వేలిముద్రలు వేసింది. మళ్లీ జీపు వచ్చింది. పంపు రంగు వెలిసిపోయిందని ఇంకోసారి పూసి పోయింది.

కొన్నేళ్లకు సర్కారు ఒంటి అంకె లాటరీ బంద్ చేసింది. మెహమూద్ ఆ పలక మీద సిగరెట్ల ధరలు రాసుకున్నాడు. కిటికీ గూట్లో రాళ్లు జంగమ్మకు కచ్చకాయల ఆటకు పనికొచ్చాయి. బడికి పోవడం మొదలుపెట్టిన పిల్ల వాటిని ఎగరేసి పట్టుకోవడంలో ఆరితేరింది. ఆడి లేచేటప్పుడు మాత్రం గోడ పట్టుకునేది.

నాగులమ్మ పొద్దుగూకితే ఇప్పటికీ ఆ పిల్లను గోడకు నిలబెడుతుంది. మడమలు దగ్గరకు చేరుస్తుంది. బక్కయ్య గుమ్మంలో కూర్చుని అటు చూడకుండా బీడీ ముట్టించుకుంటాడు. నాగులమ్మ మోకాళ్ల మధ్య వేలు పెట్టి చూడడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు పిడికిలి పెట్టి చూస్తోంది.