బోదె నా గది కింద ఉంది

ఈ మాటను ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. ముసలితనంలో నాలుగు అక్షరాలు వచ్చాయి గనుక, మొహం చూడనక్కర్లేని మీకు రాస్తున్నాను.

బందరులో మా వీధి వెనక ఒకప్పుడు చిన్న బోదె ఉండేది. వాన నీళ్లన్నీ అందులో పడి పెద్ద మురుగు కాలువకు, అక్కణ్ణించి సముద్రానికి పోయేవి. నేను చేపలమ్మి బతికినదాన్ని. రొయ్య తలకాయలు, చేప పేగులు ఏ రోజుకారోజు అందులోనే పోశాను. చెత్త అందరూ పోశారు. పూడిపోయాక దాని మీద గది కట్టుకున్నది మాత్రం నేనొక్కదాన్నే.

బోదె పోయాక ప్రతి వానకూ వీధి మునిగేది. చివరికి ఒక వేసవిలో మునిసిపల్ ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చాడు. బోదెను మళ్లీ తవ్వి, గట్టున చెట్లు వేసి, వాన నీటికి దారి ఇస్తామన్నాడు. పైన ఏది కట్టి ఉన్నా తీసేస్తామన్నాడు. బోదెను కళ్లతో చూసినవాళ్లలో ఆ వీధిలో మిగిలింది నేనే.

"మామ్మగారూ, బోదె ఎటు పోయేదండీ?"

పక్కింటి నూర్జహాన్ అతనికి టీ గ్లాసు అందిస్తూ నవ్వింది. "మా అక్కనే అడగండి. చేప ఏ పూట ఎటు ఈదిందో కూడా చెబుతుంది."

నేను చెయ్యెత్తాను. నా గది వైపు కాదు.

"అదిగో బాబూ, ఆ వంటిల్లు ఉంది చూడు. దాని కింద నుంచే."

అది నూర్జహాన్ వంటిల్లు. ఆమె నవ్వు ఆగిపోయింది. "మా వంటింటి కిందా? నాకు తెలియనే తెలియదక్కా." వంటింటి వైపు ఒకసారి చూసుకుని, ఇంజనీరుతో అంది: "అక్క చెప్పిందంటే నిజమేనండీ."

ఆ చెయ్యి అటెందుకు తిరిగింది? భయం వల్లా? అలా అనుకోవాలని చాలాసార్లు చూశాను. కాదు. ఆమె మొగుడు పోయిన మనిషి, గొడవ పెట్టుకోదు, నా మాట నమ్ముతుంది, అని ముందే అన్నీ తూచి పెట్టుకుని, ఆ తర్వాతే వేలు చూపించాను.

వంటిల్లు పడగొట్టారు. తవ్వితే గట్టి నేల తగిలింది. పక్కన ఒక బోర్డు పాతి, పని అక్కడికే వదిలి పోయారు. నీళ్లు ఎటూ కదలక గుంటలో పచ్చగా కుళ్లాయి. నూర్జహాన్ వరండాలో రేకు కింద పొయ్యి పెట్టుకుంది. జల్లు కొడితే ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గరిటె.

మరుసటి ఏడు తొలకరికి నీళ్లు పాత దారి వెతుక్కుంటూ మా పెరట్లోకి చేరాయి. వాటికి ఎదురెక్కి గొరకలు, ఆ ముళ్ల చేపలు, నా గది గోడ దగ్గర బురదలో టపటపా కొట్టుకున్నాయి. ఎవరైనా చూస్తే బోదె ఎక్కడో తెలిసిపోతుంది. గబగబా ఏరి పులుసు పెట్టాను. నూర్జహాన్‌కీ ఒక గిన్నె ఇచ్చాను. బజారులో కొన్నానన్నాను. ఆమె ఆ రేకు కింద కూర్చుని, ముళ్లు తీసుకుంటూ, బాగుందక్కా అంది. నేనూ తిన్నాను. కమ్మగానే తిన్నాను. అది తలచుకుంటే నా ఒంటిని నేనే ముట్టుకోబుద్ధి కాదు.

తర్వాత సాయంత్రం బడిలో చదువు నేర్చుకున్నాను. వీధిలో కూడబలుక్కుని చదివిన మొదటి బోర్డు ఆ కుళ్లు గుంట పక్కనే ఉంది. 'వాన నీటి దారి'. ఇంతింత అక్షరాల్లో నా అబద్ధం. అక్క చదివేసిందని నూర్జహాన్ చప్పట్లు కొట్టింది.

అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? గది పోతుందనా? ఈ వయసులో ఆ గది దేనికి? కాదు. ఆమె నన్ను చూసే చూపు పోతుందని. దొంగిలించిన ఆ చూపును పోగొట్టుకోవడానికి కూడా ఇష్టం లేని నీచురాలిని.

మిమ్మల్ని క్షమించమనను. వంటిల్లు మీది కాదు. నూర్జహాన్‌కు చెబుతానో లేదో ఇప్పటికీ తెలియదు. బోదె ఆమె వంటింటి కింద ఎన్నడూ లేదు. నా గది కింద ఉంది. రాశాను. కక్కేసినట్టుంది. కడుపు తేలికైంది. నోరు చేదుగానే ఉంది.