అద్దం కింద సంతకాలు

పెద్దేముల్ మొగులమ్మ మొగుడి శవం ముందు ఏడ్వలేదు. తాండూరులో నాపరాళ్లకు పాలిష్ పట్టీ పట్టీ, రొమ్ము నిండా దుమ్ము నింపుకొని పోయాడు శంకరప్ప. కూతురు నిరోష బెంగళూరు నుంచి వచ్చేదాకా ఆయన్ను ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. వాళ్లలో పోయినవాడి రొమ్ము మీద భార్య చెయ్యి వేసి, కలిసి బతికిన బతుకంతా చెప్పుకుంటూ శోకం తీయాలి. చివర "ఇగ పో" అని సాగనంపాలి. మొగులమ్మ చేతికి పెట్టె మీది అద్దం తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పొమ్మనకుంటే మనిషెట్ల పోతడే?" అంది పక్కింటి సంతోషమ్మ.

పోలేదు. పొయ్యి ముట్టిస్తుంటే గడప దగ్గర దగ్గు వినబడేది. అన్నం పెట్టుకుంటే ఎవరో వెనక నిలబడ్డట్టుండేది. ఆమె తిరిగి చూసేది కాదు.

శంకరప్ప పెద్దయ్యాక సంతకం నేర్చుకున్నాడు. రాజ్యాంగం కింద సంతకాలు పెట్టినవాళ్ల చేతిరాత కళ్లారా చూడాలని ఆయనకొక యావ ఉండేది. ఆ పుస్తకం నకలును వికారాబాద్‌లో ప్రదర్శనకు పెట్టారని తెలిసి, నిరోష తల్లిని రైలెక్కించింది.

గది చల్లగా ఉంది. నడుమ అద్దాల పెట్టె. దాని చుట్టూ జనం సప్పుడు చేయకుండా నడుస్తున్నారు. మొగులమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవలు పోయిన్రే?"

"ఎవలు పోలేదమ్మా. నాయిన జూడాలన్న పుస్తకమే గిది."

అయినా ఆమె చెప్పులు విడిచే లోపలికి పోయింది. అద్దం కింద వరుసగా సంతకాలు. కొన్ని తీరుగా ఉన్నాయి. ఒకటి మాత్రం పక్కకు ఒరిగి కిందికి జారింది. శంకరప్ప కలం కూడా అట్లనే జారేది.

మొగులమ్మ రెండు చేతులూ అద్దం మీద పడ్డాయి.

"ఓ నిరోష నాయినా! గీ సంతకాల కోసమేనా నా ఎనక తిరిగినవు! బండలకు నునుపు దెచ్చినవు, నీ పానం గరుకు జేస్కున్నవు! సూడు, కండ్ల నిండ సూడు!"

జనం చెదిరారు. కాపలా అతను ఉరికి వచ్చాడు.

"అమ్మా, అద్దం ముట్టొద్దు! అసలుది ఢిల్లీల ఉన్నది. నకలుకే గింత ఏడుస్తరా?"

"ఏడ్వనియ్యన్నా, నీకు దండం పెడత," అంది నిరోష.

అతను జనాన్ని ఆపి పక్కకు జరిగాడు. ఏడాదిగా ఆగిన శోకం చాలాసేపు సాగింది. ఆఖరి మాట దగ్గరికి వచ్చి మొగులమ్మ నోరు మూసుకుంది.

బయటికి వచ్చాక నిరోష అడిగింది, "నాయినను పొమ్మనలేదేందే?"

మొగులమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"జర ఉండనియ్యవే బిడ్డా. ఇంట్ల నేనొక్కదాన్నే గద."