కూజా లేని గది

గల్ఫ్‌లో, జుఫైర్ అనే చోట ఒక అపార్ట్‌మెంట్ హోటల్ రిసెప్షన్‌లో చాలా ఏళ్ళుగా నా డ్యూటీ. గదులిచ్చేవాణ్ణే గానీ, ఏ ఊళ్ళోనూ గది తీసుకుని హాయిగా పడుకున్నవాణ్ణి కాను. అయినా గది ఫోటో చూస్తే అందులో ఏం దాచారో చెప్పగలను. మంచం మీద తువ్వాళ్ళను హంసల్లా మడిచి పెట్టారంటే దుప్పటి మీద మరక ఉందన్నమాట. తెర మూసి ఫోటో తీశారంటే కిటికీ అవతల పక్క బిల్డింగ్ గోడే ఉంటుంది. వారాంతంలో, మందు దొరకని పక్క దేశం నుంచి సముద్రం మీది వంతెన దాటి వచ్చేవాళ్ళలో కొందరు గది ఎలా ఉందని అడగరు, కింద బార్ ఎప్పటిదాకా తెరిచి ఉంటుందని అడుగుతారు. మందు కోసం గది వెతుక్కునేవాళ్ళను రోజూ చూసేవాణ్ణి. మందు కంటబడని గది కోసం నేనే వెతకాల్సి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఆ ఏడాది ఈద్ సెలవుల్లో మేం నలుగురం జార్జియా వెళ్దామనుకున్నాం. నలుగురంటే నేను, నా భార్య, నా స్నేహితుడు, అతని భార్య. మేం జగిత్యాల వైపు ముస్లింలం. వాళ్ళు గోదావరి వైపు క్రైస్తవులు. అతను అమ్వాజ్‌లో అపార్ట్‌మెంట్ల ఏసీలు చూసే సూపర్‌వైజర్, ఆవిడ క్లినిక్‌లో నర్సు. గల్ఫ్‌లో ఉండేవాళ్ళకు అక్కడి వీసా కోసం పెద్దగా తిరగాల్సిన పని లేదు కాబట్టి సెలవొస్తే ఇక్కడివాళ్ళు చాలామంది అటే పోతారు. ఆవిడకు అక్కడి పాత చర్చిలు చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. ఆ చర్చిలున్న కొండల చుట్టూ అన్నీ ద్రాక్షతోటలే. అక్కడ ఇంటింటా వైన్ చేస్తారు. ఆ ఇళ్ళలోనే గదులు అద్దెకిస్తారు.

నా స్నేహితుడు ఒకప్పుడు బాగా తాగేవాడు. ఉద్యోగం పోయేదాకా వచ్చింది. ఒకసారి సల్మాబాద్‌లో ఏదో గ్యారేజీ ముందు పడిపోయి ఉంటే నేనే వెళ్ళి కారులో వేసుకొచ్చాను. ఆ తరవాత మానేశాడు. మానేసిన కొన్నాళ్ళకు వాళ్ళ తెలుగు క్రైస్తవ సహవాసంలో, ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం జరిగే ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. దేవుడు ఆ కోరికను వేళ్ళతో సహా పీకేశాడని, ఇప్పుడు సీసా ఎదురుగా పెట్టినా మంచినీళ్ళ సీసాతో సమానమని అందరి ముందూ చెప్పాడట. అందరూ స్తోత్రం అన్నారు. ఆవిడ ఏడ్చేసింది. ఈ సంగతి ఆవిడ మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ కొత్తగా చెప్పినట్టే చెప్పేది.

గదులు చూసే పని సహజంగానే నా నెత్తిన పడింది. ఒకరోజు డ్యూటీలో ఉండగా ఆవిడ ఫోన్ చేసింది.

“అన్నయ్యగారూ, వైన్ లేని ఇల్లేదైనా చూడండి. ఆయన్ని నమ్మక కాదండి, ఎందుకొచ్చిన గొడవ చెప్పండి. నేనడిగితే సాక్ష్యాన్నే అనుమానించినట్టుంటది. మీ మతంలో ఒప్పుకోరని చెప్పేయండి. ఏమనుకోకండేం.”

“ఏమనుకుంట చెల్లె, గట్లనే జెప్త తియ్,” అన్నాను.

వారం తిరగకముందే అతనొచ్చాడు. అమ్వాజ్‌లో డ్యూటీ దిగి, ఒంటి మీద కంపెనీ చొక్కాతోనే వచ్చి నా కౌంటర్ మీద మోచేతులానించి నిలబడ్డాడు.

“భాయ్, మనం దిగే చోట ఆ వాసన ఉండకూడదు. మా ఆవిడకి మాత్రం చెప్పకు. అంతమంది ముందు పోయిందని సాక్ష్యం చెప్పాను. ఇప్పుడు భయమేస్తంది అంటే ఏమనుకుంటాది? దేవుడి పేరు మీద అబద్ధమాడినట్టు ఉండదా? నీ మతం మీద పెట్టెయ్.”

“మరి పోలేదా?” అని అడిగాను.

“పోతాది, మళ్ళీ వస్తాది. ఏసీ బాగు చెయ్యడానికి ఏ ఫ్లాట్‌కో వెళ్తానా, వంటింట్లో సీసాలు కనపడతాయి. పనయ్యేదాకా లోపల ప్రార్థన చేసుకుంటానే ఉంటాను.”

అతని మీద నాకు అంత గౌరవం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. ఆ మాట పైకి అనకుండా, నేను జూస్కుంట పో అని పంపేశాను.

అలా భార్యాభర్తలిద్దరూ ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు తెచ్చి నా దగ్గర పెట్టి పోయారు. నా బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. పైగా నిష్ఠాపరుడి వేషం ఒకటి. పొద్దుటి నమాజుకు నన్ను లేపడం మా ఆవిడ ఎప్పుడో మానుకుంది. బార్ ఉన్న హోటల్లో కూర్చుని నెలనెలా జీతం తీసుకుంటున్న మనిషిని. అలాంటి నేను వైన్ చేసే ఇంట్లో అడుగు పెట్టనని ఇంట్లో ప్రకటించాల్సి వచ్చింది.

మా ఆవిడ అప్పటికే ఒక ఇల్లు మెచ్చుకుని పెట్టుకుంది. చెక్క బాల్కనీ, దాని కిందనుంచి కొండ వాలు దాకా ద్రాక్షతోట. ఇంకో ఆలోచనే లేకుండా, ఆ గదే కావాలంది. నా ప్రకటన విని ఫోన్ పక్కన పెట్టి, “కబ్ సే?” అంది. మా ఇంట్లో మాట ఉర్దూలోనే. ఎప్పటి నుంచి అని అడిగింది. ఆ రోజు నుంచి నాకు మౌలానా అని పేరు పెట్టి, చాయ్ ఇచ్చినప్పుడల్లా వాడింది.

నేను మాత్రం వెతికాను. ఒక హోటల్లో రిసెప్షన్ బల్లే పీపాలతో చేశారు. ఇంకోదాంట్లో ఈతకొలను పక్కన గ్లాసులు. పొద్దుటి టిఫిన్ ఫోటోలో కూడా రొట్టె, చీజు, మధ్యలో ఎర్రటి కూజా. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు, ఒకే ఒక్క చోట కూజా కనిపించలేదు. అది పెద్ద రోడ్డు మీద, పెట్రోల్ బంకు పక్కన ఉంది. తువ్వాళ్ళు హంసల్లా మడిచి ఉన్నాయి. ఏం చేస్తాం, అదే బాగుందన్నాను. పెట్రోల్ బంకు చూడ్డానికి విమానమెక్కడం ఎందుకు, సల్మాబాద్ పోతే గ్యారేజీలు కూడా కనిపిస్తాయి కదా అంది మా ఆవిడ.

ఆమె అంతటితో ఊరుకునే మనిషి కాదు. ఒక శుక్రవారం, నేను జుమ్మా నమాజు నుంచి, వాళ్ళిద్దరూ ఆరాధన నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజున, తోట ఇంటావిడకు వీడియో కాల్ కలిపింది. మౌలానాగారి సంగతి ఆమెకే చెబుదాం, బల్ల మీద వైన్ పెట్టకపోతే సరిపోతుంది కదా అంది. వాళ్ళిద్దరూ కంచాల్లోకి చూస్తూ కూర్చున్నారు.

ఆ ఇంటావిడ పెద్ద వయసు మనిషి, తలకు గుడ్డ కట్టుకుంది. ఆమె ఇంగ్లీషు మా ఇంగ్లీషుకు తగ్గట్టే ఉంది. గది చూపించింది, బాల్కనీ చూపించింది. తరవాత చల్లటి చీకటి గదిలోకి తీసుకెళ్ళి, నేలలో మూతుల దాకా పాతిపెట్టిన పెద్ద మట్టి జాడీలు చూపించింది. అందులో ఉన్నది భర్త చేసిన వైనేనని, రాత్రి భోజనంతో పాటు ఊరికే ఇస్తామని చెప్పింది. మా ఆవిడ నన్ను చూపించి, మా మతంలో లేదని చెప్పింది. ఆవిడ మా ఆవిడ తలమీది చున్నీ చూసి వెంటనే తలూపింది. మీ ఇద్దరికీ వద్దు, సరే అంది. అంతలో నా స్నేహితుడి భార్య మెడలోని శిలువ ఆవిడ కంటబడింది. మొహం వెలిగిపోయింది. తన జాకెట్టు లోపలి నుంచి తన శిలువ బయటికి తీసి చూపించి, “యు క్రిస్టియన్, ఐ క్రిస్టియన్. ఫర్ యు, వైన్!” అంది.

నా మతం నా వరకే పనికొచ్చింది. అంత చిన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ అప్పటిదాకా తట్టలేదు.

ఇంటావిడ ఆ భార్యాభర్తలకు ఒక కూజా చాలా, రెండా అని వేళ్ళు చూపిస్తోంది. అప్పుడు నా స్నేహితుడు మా ఆవిడ చేతిలో ఫోన్ తీసుకున్నాడు.

“మేడం, నో వైన్. ఐ స్టార్ట్, ఐ నాట్ స్టాప్,” అన్నాడు.

“బిఫోర్?” అని అడిగింది ఆవిడ.

“నౌ ఆల్సో. ఎవ్రీ డే, ఐ వాంట్.”

ఇప్పటికీ రోజూ కావాలనిపిస్తుందన్న మాట తెలుగులో ఎవరితోనూ అనలేక, ముక్కూమొహం తెలియని మనిషికి రాని ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. పిల్లలకిచ్చే పండ్ల రసం కాచి పెడతానంది. జాడీల గది తలుపు వేసి తాళం పెట్టింది. ఆ వెంటనే పొద్దున గుడ్లు ఎలా చెయ్యమంటారని అడిగింది. మా ఆవిడ ఏదో చెప్పి కాల్ పెట్టేసింది.

“పోయిందన్నారు కదండీ,” అంది అతని భార్య.

“పోయిందనే అనుకున్నాను ఆ రోజు. మళ్ళీ వచ్చింది. నీకు చెప్తే తట్టుకోలేవని భాయ్‌కి చెప్పాను.”

“నేనూ అన్నయ్యగారికే చెప్పుకున్నాను.”

ఇద్దరూ నా వైపు చూశారు. మా ఆవిడ కూడా చూసింది. ఆ చూపులో మౌలానా పదవి పోయిందని నాకర్థమైంది. సంతోషమే కలిగింది గానీ, స్నేహితుడి భార్య ఇంకేమంటుందోనని భయం కూడా వేసింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

“లొల్లి వద్దు చెల్లె. బంకు పక్క గదే జేసేస్త, ఖలాస్,” అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“వద్దన్నయ్యగారూ, ఆ తోటలో ఇల్లే చేసేయండి. ఇన్నాళ్ళూ ఈయన మనసులో ఏముందో తెలీక భయపడి చచ్చాను. ఇప్పుడు తెలిసింది కదా, నేను పక్కనే ఉంటాను.”