మంట పోయిందని చెప్పిన సాక్ష్యం

దేవునికి స్తోత్రం. పాదాలను మలిచి, వాటికి నొప్పిని కాపలా పెట్టిన ఆయన జ్ఞానానికి స్తోత్రం. ఆ కాపలాను వెళ్ళగొట్టమని రెండేళ్ళు ఉపవాసముండి ప్రార్థించిన నావంటి బుద్ధిమంతుణ్ణి భరిస్తున్నందుకు మరీ స్తోత్రం.

డెబ్బైల మొదట్లో బెజవాడలో బడిపంతులుగా ఉన్నప్పుడు నాకు షుగరు వచ్చింది. అరికాళ్ళు నిప్పులమీద పెట్టినట్టు మండేవి. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేవాణ్ణి. సంఘమంతా నా కాళ్ళకోసం మోకరించింది.

ఒక వేసవికి మంట పోయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా తిన్నగా ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను. హల్లెలూయలు మోగాయి. నా భార్య లడ్లు పంచింది. నేను రెండు తిన్నాను. స్వస్థత పొందినవాడికి పథ్యమేమిటి?

ఆ సాక్ష్యం చెప్పమని కంకిపాడు కూటానికి పిలిచారు. అందరిలాగే చెప్పులు పందిరి బయట విడిచాను. కూటం ముగిసేసరికి ఏ పరిశుద్ధుడో వాటిని తొడుక్కుపోయాడు. మిట్టమధ్యాహ్నం, తారు కరుగుతున్న రోడ్డుమీద బస్సుదాకా ఉత్తకాళ్ళతో నడిచాను. పాస్టరుగారు బూట్లు వేసుకుని పక్కనే నడిచారు.

“కాలట్లేదా మాస్టారూ?”

“లేదండీ అయ్యగారూ, చాపమీద నడిచినట్టుంది.”

“స్తోత్రం! విశ్వాసమంటే ఇదండీ!” అని వెనక వస్తున్నవాళ్ళకు నా కాళ్ళు చూపించారు.

ఇంటికొచ్చాక కాళ్ళకు నీళ్ళిచ్చిన నా భార్య చెంబు వదిలేసింది.

“ఇదేంటండీ, తోలు ఊడొస్తోంది! తెలీట్లేదా మీకు?”

“లేదే!”

“స్వస్థత కాదు, నా బొంద! నడవండి డాక్టరు దగ్గరికి.”

డాక్టరుగారు నన్ను కళ్ళు మూసుకోమన్నారు. కాసేపటికి, “గుచ్చాను, తెలిసిందా?” అని అడిగారు.

“ఇంకా మొదలెట్టలేదనుకున్నానండీ.”

“మీ జబ్బు తగ్గలేదు మాస్టారూ, ముదిరింది. నొప్పి తెలిపే నరాలు చచ్చిపోయాయి. ఈ పుండు మానకపోతే పాదం తియ్యాలి. ఇకమీదట ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా అడుగెయ్యకండి. రోజూ అరికాళ్ళు చూసుకోండి.”

మూడు నెలలు మంచంమీద పాదంకేసి చూస్తూ గడిపాను. అంతగా ప్రార్థించింది ఎన్నడూ లేదు, అంత శ్రద్ధగా కట్టు మార్పించుకున్నదీ లేదు. పాదం దక్కింది. చిటికెనవేలు పోయింది.

లేచిన మొదటి ఆదివారం చెప్పులతోనే గుడి మెట్లెక్కాను. పాస్టరుగారు ఎదురొచ్చారు.

“చెప్పులు బయట విడవాలండీ.”

“వేలు ఇప్పటికే బయట వదిలొచ్చాను అయ్యగారూ. చెప్పుల్ని రానివ్వండి. సాక్ష్యం దిద్దుకోవాలి.”

“దిద్దితే కొత్త విశ్వాసులు ఏమనుకుంటారండీ?”

“ఇంటికెళ్ళి కాళ్ళు చూసుకుంటారండీ.”

దిద్దాను. ఎవరూ హల్లెలూయ అనలేదు. ఆరాధన అయ్యాక మాత్రం ఒక ముసలమ్మ వేపచెట్టు కింద కూర్చుని, తన అరికాలు నాకు చూపించింది. మడమలో తుమ్మముల్లు విరిగి ఉంది. ఆమెకు తెలియనే తెలియదు. మధ్యాహ్నమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం తలవంచి నాతో ప్రార్థించండి. ప్రభువా, మా పాదాలకు తెలియనిది మా కళ్ళకు చూపించు. తప్పుడు సాక్ష్యం చెప్పిన నోటిని క్షమించు. డాక్టరు దగ్గరికి నడిచే కాళ్ళను కూడా విశ్వాసుల కాళ్ళుగానే ఎంచు. ఆమేన్.