టీవీలో చెప్పిన జవాబు

పదో తరగతిలో ఉండగా నేనూ నా స్నేహితురాలూ ఒక టీవీ పోటీకి వెళ్ళాం. రెండువేల సంవత్సరం దాటి కొద్దికాలమే అయింది. మా వయసు పిల్లలు జంటలుగా రావాలి. ముందు ఒక సాహసం చెయ్యాలి, ఆ తర్వాత ధర్మసంకటంలో పడేసే ప్రశ్నకు జవాబివ్వాలి. షూటింగు శామీర్‌పేట దగ్గర, పని ఆగిపోయిన ఒక రాతి క్వారీలో.

మాది కోస్తా నుంచి వచ్చి బహదూర్‌పల్లి కాలనీలో ఇల్లు కట్టుకున్న ఉద్యోగుల కుటుంబం. తనది శామీర్‌పేట పక్కనున్న లాల్‌గడి మలక్‌పేట్. వాళ్ళ నాయిన వ్యవసాయం తగ్గించి భూముల బేరాల్లో పడ్డాడు. ఆ రోజు మమ్మల్ని జీపులో తీసుకెళ్ళింది ఆయనే.

క్వారీ గుంతలో నిలిచిన నీళ్ళకు పైన తాడు కట్టారు. నడుముకు బెల్టు బిగించి, తాడు పట్టుకుని అవతలి గట్టు చేరమన్నారు. నేను సగంలో ఆగిపోయాను.

"కిందికి జూడకు. నేనున్న గద ఎనక, జరుగు" అంది తను.

ఎలా దాటానో గుర్తు లేదు. అరచేతుల మంట గుర్తుంది.

తర్వాత యాంకరమ్మ అడిగింది: "మీ నాన్నగారు ఎవరికో అన్యాయం చేస్తున్నారని తెలిసింది. బయటపెడితే ఇంటి పరువు పోతుంది. చెబుతారా, దాస్తారా?"

"మా నాన్నగారు అలాంటివారు కాదండీ" అన్నాను. ఆవిడ వదల్లేదు. "ఆయనకే నచ్చజెబుతాను" అని తప్పించుకున్నాను.

తను మాత్రం ఆలోచించలేదు. "ఎవలకు అన్యాలం అయితాందో వాళ్ళకు జెప్త. మా నాయిన ముంగటనే జెప్త."

అందరూ చప్పట్లు కొట్టారు. జనంలో నిలబడ్డ వాళ్ళ నాయిన అందరికంటే గట్టిగా కొట్టాడు. మేము గెలవలేదు. చెరో స్కూలు బ్యాగు ఇచ్చి పంపారు.

అది టీవీలో వచ్చిన ఆదివారం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. కార్యక్రమం అయిపోయి చుట్టుపక్కలవాళ్ళు లేస్తుంటే, ఆమెకు వరసకు పెద్దనాయిన అయ్యే ముసలాయన గడపలో కూర్చుండిపోయాడు.

"మంచిగ జెప్పినవు బిడ్డా. మీ నాయిన నా పొలం బేరం జేస్తుండు. కొనెటోడు ఎవడో, ఎంతకడుగుతుండో నాకు జెప్తలేడు. నువ్వన్న జెప్తవా?"

"నాకు తెల్వదు పెద్దనాయినా. అడుగుత."

లోపల చాయ్ తాగుతున్న తండ్రిని అక్కడినుంచే అడిగింది.

"గది నీకెందుకు? లోపలికి రా" అన్నాడాయన.

తను కదల్లేదు. "నీ ముంగటనే జెప్త అన్న గద నాయినా. ఊరంత జూసింది."

నేను టీవీకేసి చూస్తూ కూర్చున్నాను. సబ్బు ప్రకటన వస్తోంది. కాసేపటికి ఆయన గ్లాసు చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చాడు. ప్లాట్లు వేసే కంపెనీ ఏదో చెప్పాడు, ధర కూడా చెప్పాడు. ముసలాయన విన్నాడు. "గిది ముందుగాల్నే జెప్తే అయిపోతుండె గద తమ్మీ" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఆ కంపెనీ వాళ్ళతో తనే మాట్లాడుకుని సగం పొలం అమ్మాడు, సగం ఉంచుకున్నాడు.

చాలా రోజులు తండ్రి ఆమెతో మాట్లాడలేదు. ఏదన్నా కావాలంటే వాళ్ళ అమ్మతో చెప్పించేవాడట. ఆ తర్వాత ఊళ్ళో సర్పంచ్ ఎన్నికలొచ్చాయి. ఆయన నిలబడ్డాడు. ప్రతి వాడలోనూ ఒకటే మాట: "నా బిడ్డ టీవీల ఏం జెప్పిందో జూసిండ్రు. గసొంటి ఇల్లు నాది." గెలిచాడు.

ఈ సంగతి బస్సులో నాకు చెబుతూ తను నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు.

"నీ మాట చెప్పి ఓట్లడిగితే నీకు కోపం రాలేదా?" అన్నాను.

"ఎందుకు? ఇగ ఎవలన్న వచ్చి అడిగితే జెప్పాలె గద ఆయన" అంది. గండిమైసమ్మ దగ్గర బస్సు ఆగింది. నేను దిగిపోయాను.