సముద్రపు దొంగ తలపాగా విప్పిన సాయంత్రం

తొంభైల చివర్లో నేను మేడ్చల్‌లో డిగ్రీ చదువుతుండగా, కాలేజీ వార్షికోత్సవానికి మా తెలుగు మాస్టారు ఒక ఓడదొంగల నాటకం రాశారు. మా క్లాసులో సముద్రం చూసినదాన్ని నేనొక్కదాన్నే. నాన్నగారి ఉద్యోగం కోసం బందరు నుంచి వచ్చి అక్కడి కొత్త కాలనీలో ఉండేవాళ్లం. మిగతావాళ్లకు పెద్ద నీళ్లంటే శామీర్‌పేట చెరువే. అందుకో, పొడుగ్గా ఉన్నందుకో, దొంగల నాయకుడి వేషం నాకే ఇచ్చారు.

కథలో రాకుమారి మనసిచ్చిన సేనాపతే ఆమెను శత్రువులకు అప్పగిస్తాడు. దొంగల నాయకుడు ఆమెను కాపాడి, చివర్లో తలపాగా విప్పుతాడు. చూస్తే ఆడపిల్ల! రాకుమారి వేషం నా స్నేహితురాలిది, ముఖానికి మేలిముసుగు. ఆమెది శామీర్‌పేట దగ్గర భూములున్న కుటుంబం. ఇద్దరన్నలు. రాజకీయాలూ ప్లాట్ల వ్యాపారమూ చూసుకునే పెద్దన్నే ఆ రోజు ముఖ్య అతిథి.

ఆమె ఒకతన్ని ప్రేమించింది. అతను గాజులరామారంలో గది తీసుకుని ఏదో కంపెనీలో పనిచేసేవాడు. ఇంట్లో తెలిస్తే ఊరుకోరని, నాటకం జరుగుతుండగానే వెళ్లిపోవాలని ఇద్దరూ అనుకున్నారు. అతను బస్టాపులో ఉంటాడు. విరామంలో మేమిద్దరం వేషాలు మార్చుకుంటాం. ఆమె మీసాలతో గేటు దాటుతుంది, నేను ముసుగులో వేదికెక్కుతాను. నాయకుడు రావలసిన ఘట్టంలో నేను కళ్లు తిరిగినట్టు పడిపోతే తెర దించేస్తారు. ఈ మారువేషం సంగతి అతనికి చెప్పలేదు. "గీ మీసాలతోని నన్ను జూసి పరేషాన్ గావాలె" అని ముచ్చటపడింది.

విరామంలో ఆమె తలపాగా నేనే చుట్టాను.

"పోయొస్త" అంది. "పోతున్న" అనలేదని తర్వాత గుర్తొచ్చింది.

తెర లేచింది. ముసుగులోంచి ముందు వరుస స్పష్టంగా కనిపిస్తోంది. పెద్దన్న నాటకం చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు. మధ్యమధ్య గేటు వైపు తల తిప్పుతున్నాడు. ఈయనకు తెలుసు! చెల్లెలి గొంతు ఎరిగిన మనిషి ముందు నేను రాకుమారి మాటలు చెప్పాలి. గొంతు బాగా తగ్గించి, ఏడుస్తున్నట్టు పలికాను. ఆయన కుర్చీలో ముందుకు వంగాడు.

నాయకుడి ఘట్టం వచ్చింది. పడిపోదామని మోకాళ్లు వంచబోతుంటే, పక్క తెరలోంచి కత్తి దూసుకుంటూ నాయకుడు వచ్చాడు. ఆమే. మీసం ఒకవైపు చెమటకు లేచిపోయింది.

నా భుజం పట్టుకుని చెవి దగ్గర అంది: "వాడు మా చిన్నన్న జీపుల కూసున్నడు."

ఆ తర్వాత సేనాపతి వైపు తిరిగి నా మాటలన్నీ తను చెప్పింది. రిహార్సళ్లలో విని విని అవి ఆమెకు కంఠతా వచ్చేశాయి. "నమ్మినదాన్ని అమ్ముకున్నవాడివి నువ్వు, నన్ను దొంగ అంటావా?" అన్నప్పుడు చెక్క కత్తి ఎంత గట్టిగా విసిరిందంటే సేనాపతి కుర్రాడు నిజంగానే వెనక్కి పడ్డాడు. అప్పుడు తలపాగా విప్పింది. జడ జారింది. జనం ఈలలు, చప్పట్లు. పెద్దన్న సగం లేచి, చుట్టూ చూసి, మళ్లీ కూర్చున్నాడు. ముఖ్య అతిథి గదా, చప్పట్లు కొట్టక తప్పలేదు.

తెర వెనక ఆమె జరిగింది చెప్పింది. బస్టాపు పక్కనే జీపు ఆగి ఉంది. అందులో చిన్నన్న, అతనూ ఒకే అగ్గిపుల్లతో సిగరెట్లు ముట్టించుకుంటున్నారు. చిన్నన్న ఈమెను చూసి, "ఏందిరా గీ యేషం? నాటకం అయిపోయిందా?" అన్నాడు. ఈమె కాలేదని తలూపింది. అతను కూడా ఒకసారి చూసి, పోల్చుకోలేక, చిన్నన్నతో అన్నాడట: "వస్తది అన్నా. నన్ను మస్తు నమ్మింది."

"ఏడుపు రాలేదా నీకు?"

"అక్కడ ఏడిస్తే మీసం ఊడుతుండె."

అంతలో పెద్దన్న లోపలికొచ్చాడు. ఆయన ముఖం చూసి మేకప్ తుడుచుకుంటున్నవాళ్లు బయటికి జారుకున్నారు. నేను కదల్లేదు.

"బయటికి పోయినవా?"

"పోయిన. జూసిన. అచ్చిన" అంది. "నన్ను పట్టుకునేటందుకు మంచి మనిషినే దేవులాడినవే అన్నా. ఇగ వాన్ని నువ్వే ఉంచుకో."

ఆయన చెయ్యి లేచింది. ఆమె తప్పుకోలేదు. బయట మైకులో ముఖ్య అతిథిని వేదిక మీదికి పిలుస్తున్నారు. ఆయన చెయ్యి దించి, కండువా సర్దుకుని వెళ్లి, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడాడు.

ఆమెను కాలేజీ మాన్పించారు. మా ఇంటికి మనుషులొచ్చి నాన్నగారితో గట్టిగానే మాట్లాడి వెళ్లారు. ఆమె మాత్రం పరీక్షలు రాయనిస్తేనే అన్నం తింటానని మొండికేసి సాధించుకుంది. పరీక్ష హాలు బయట జీపు కాపలా ఉండేది. తర్వాత టీచరై జవహర్‌నగర్‌లో బడిపిల్లలకు లెక్కలు చెప్పింది. ఇంట్లోవాళ్లు తెచ్చిన సంబంధాల్లో నాలుగో ఐదో తిప్పికొట్టి, చివరికి తనకు నచ్చినతన్ని, అన్నల ఎదుటే, తలెత్తుకుని చేసుకుంది.

ఆ గాజులరామారం అతను మాత్రం కీసర రోడ్డులో పెద్దన్న ప్లాట్ల వెంచర్ ఆఫీసులో చేరాడు. ఒకసారి బస్సులోంచి చూశాను. ఎవరికో ప్లాట్లు చూపిస్తూ, చెయ్యి చాచి, నవ్వుతూ నమ్మకంగా మాట్లాడుతున్నాడు.